కృపావతి మేస్త్రి పోనియ్ అంటేనే

చిల్లకల్లు నుంచి మిరప కోతలకు వెళ్ళే ఆటోలు చాలానే ఉన్నాయి. మా అమ్మ ఎక్కే ఆటో మాత్రం హైవే అంచుకు రాగానే ఆగిపోయేది. డ్రైవరు బెన్నికి కుడి పక్కన ఒక మనిషి, ఎడమ పక్కన ఒక మనిషి, వెనక మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేలా జట్టు మొత్తం. అంతమంది మధ్య ఇరుక్కున్న వాడికి ముందున్న అద్దం తప్ప పక్కలేమీ కనిపించవు. అందుకని అంచున కూర్చున్న కృపావతి పెద్దమ్మ ఒక కాలు కింద పెట్టి, కమ్మీ పట్టుకుని లేచి, హైదరాబాద్ వైపు చూసి, విజయవాడ వైపు చూసి, మళ్ళీ హైదరాబాద్ వైపు చూసి "పోనియ్" అనేది. అప్పుడు కదిలేది ఆటో. వెనక ట్రాక్టరువాడు హారన్ కొట్టినా, తిట్టినా బెన్ని చెవిన వేసుకునేవాడు కాదు. మేస్త్రి మాట రావాలి, అంతే.

పెద్దమ్మ అంటున్నానని మాకు చుట్టమనుకునేరు. చుట్టమేమీ కాదు. ఆమె పుట్టింది రెడ్డిగూడెం. ఏసురత్నం పెదనాన్నను చేసుకుని మా ఊరొచ్చింది. ఆయన సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్, రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ లోటంతా ఆమె పూడ్చేది. ఆమె గుసగుసలాడితే మూడో చేలో వినిపిస్తుందని మా అమ్మ పున్నమ్మ అంటుండేది. అంతకుముందున్న మేస్త్రి కాటా దగ్గర రైతుతో గట్టిగా మాట్లాడలేడని ఆడవాళ్ళంతా కలిసి ఈమెను మేస్త్రిని చేసుకున్నారు. అప్పటినుంచి కాటా ముల్లు బుద్ధిగా ఉంది.

ఆ జట్టులో ఒక పద్ధతి ఉంది. ఏదొచ్చినా అందరికీ సమానం. మధ్యాహ్నం చెట్టు నీడన కూర్చుని క్యారేజీలు విప్పితే కూరలన్నీ ఒక గిన్నెలో పడాల్సిందే. పప్పు తెచ్చినావిడా చేపలు తెచ్చినావిడా ఒకే ముద్ద తినాలి. నేను జగ్గయ్యపేటలో బీఈడీ చదివే రోజుల్లో కోతల నడిమధ్యన మా అమ్మకు టైఫాయిడ్ వచ్చింది. ఆ రోజులన్నిటికీ అమ్మ కూలి భాగాన్ని పెద్దమ్మ తెచ్చి మా గడపలో పెట్టి వెళ్ళింది. ఈవేళ నేను నందిగామ హైస్కూల్లో టీచర్ని. నా ఉద్యోగంలో ఆ జట్టుకు వాటా ఉంది. ఆ మాట చెప్పుకోవడం నాకిష్టం.

అయితే ఈ పంచడం ఒక్కోసారి శ్రుతి మించేది. ఒకసారి నడుం నొప్పికి డాక్టరు రాసిచ్చిన మాత్రలు చేలోకి తెచ్చి తలా ఒకటి మింగించింది. అందరివీ నడుములే కదా అని ఆమె లెక్క. ఒకావిడకు ఒళ్ళంతా దద్దుర్లొచ్చి సాయంత్రానికి మొహం గుమ్మడికాయంత అయింది. ఆ దెబ్బతో బుద్ధొచ్చిందనుకున్నాం. రాలేదని తర్వాత తెలిసింది.

రెండేళ్ళ కిందటి ఫిబ్రవరిలో ఒక ఉదయం మంచు బాగా పట్టింది. ఆటో ఎప్పటిలాగే హైవే అంచున ఆగింది. పెద్దమ్మ లేచి అటూ ఇటూ చూసింది. తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు. చప్పుడూ వినిపించలేదు. పోనియ్ అంది. ఆటో రోడ్డు మధ్యకొచ్చాక మంచులోంచి లైట్లు లేని కారొకటి వచ్చి వెనక భాగాన్ని కొట్టింది. మా అమ్మకు భుజం ఎముక విరిగింది. బెన్నికి తల పగిలింది. మిగిలిన వాళ్ళకు తలో దెబ్బ. వెనక మూలన కూర్చున్న సీతారావమ్మ అక్కడికక్కడే పోయింది. పెద్దమ్మ మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. ఆ అంతేనే ఆమెను తినేసింది.

కేసు పెట్టారు, కారువాడి తప్పేనన్నారు. సీతారావమ్మ కొడుకే వచ్చి, నీదేం లేదు పెద్దమ్మా అని చెప్పాడు. ఆమె వింది, తలూపింది. ఆటో ఎక్కలేదు. హైవే మొహం చూడలేదు. మా అమ్మ గమనించి నాకు చెప్పింది, ఆమె నోట పోనియ్ అన్న మాటే పోయిందని. గేదెను తోలేటప్పుడూ అనదు, మనవరాలు సైకిలు నేర్చుకుంటుంటే వెనక పట్టుకుని నిలబడుతుంది గాని అనదు. మూడో చేలో వినిపించే గొంతు పక్కింట్లో కూడా వినిపించడం మానేసింది. మేస్త్రి లేక జట్టు చెల్లాచెదురైంది. కొందరు వేరే జట్ల వెనక వెళ్ళారు, కొందరు ఇంట్లో కూర్చున్నారు. మా అమ్మ బస్సు బ్రేకు చప్పుడు విన్నా ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకునేది.

ఆ ఎండాకాలంలో నందిగామలో మహతి కనిపించింది. జగ్గయ్యపేట పార్థసారథి గారమ్మాయి, నాతో డిగ్రీ చదివింది. సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తూ నందిగామలో గది తీసుకుని ఉంటోంది. కళ్ళను అటూ ఇటూ కదిలిస్తూ చేసే వైద్యం ఒకటుందట. భయపెట్టిన సంగతిని మనసులో పెట్టుకుని, ఎదుటి మనిషి వేలు ఎటు కదిలితే అటు కళ్ళు తిప్పాలట. అలా చేస్తే ఆందోళన తగ్గుతుందో లేదో మామూలు పనిపాటల వాళ్ళ దగ్గర పరీక్షించి చూడటం ఆమె పని. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. వేలు ఊపితే భయం పోయేటట్టయితే మా ఊళ్ళో తాయెత్తులు కట్టేవాళ్ళు చాలరా, దానికి పీహెచ్‌డీ ఎందుకన్నాను.

మహతి నొచ్చుకోలేదు. "పోతుందో లేదో నాకూ తెలీదు సూసన్. కొన్నిచోట్ల తగ్గిందని రాశారు. ఆ తగ్గింది కళ్ళు తిప్పడం వల్లా, ఎవరో ఒకరు కూర్చుని కథంతా విన్నందుకా అన్నది ఇంకా తేలలేదు. అది చూద్దామనే వచ్చా" అంది.

తెలియదని చెప్పిన మనిషిని చూసి చాలా కాలమైంది. ఆ ఆదివారమే చిల్లకల్లు తీసుకెళ్ళాను.

చర్చి పక్కన హాల్లో జట్టులో ఉన్నవాళ్ళంతా చేరారు. మహతి చీట్లు తీయించింది. సగం మంది కదిలే వేలిని చూడాలి. మిగతా సగం అదే సంగతి తలచుకుంటూ గోడ మీద అంటించిన నల్ల చుక్కను చూడాలి, కళ్ళు కదపకూడదు. ఏ పద్ధతి ఎంత పని చేస్తుందో చివర్లో పోల్చి చూస్తుంది. చుక్కవాళ్ళు నష్టపోకుండా పరీక్ష అయ్యాక వాళ్ళకూ వేలి వైద్యం చేస్తానని మాటిచ్చింది. అందాకా లోపల జరిగింది ఒకరికొకరు చెప్పుకోకూడదని మరీ మరీ చెప్పింది. పెద్దమ్మకు వేలు వచ్చింది, మా అమ్మకు చుక్క వచ్చింది. మొదటి రోజు ఆ సంగతి మనసులోకి తెచ్చుకోండి అనగానే అలవాటు కొద్దీ అందరూ ప్రార్థనకు మూసినట్టు కళ్ళు మూసేసుకున్నారు. కళ్ళు తెరిపించడానికే మహతికి గంట పట్టింది.

ప్రతి వారం కూర్చోబోయే ముందు, లేచిన తర్వాత, భయం ఎంత ఉందో సున్నా నుంచి పది లోపల చెప్పమనేది. సున్నా అంటే అసలు లేదు, పది అంటే భరించలేనంత. ఆ అడిగే పని నాకప్పజెప్పింది. అడిగే మనిషికి ఎవరిది వేలో ఎవరిది చుక్కో తెలియకూడదట, అందుకని నాకు తెలిసిపోయిన అమ్మనూ పెద్దమ్మనూ మాత్రం తను ఉంచుకుంది. మొదట్లో ఆరు, ఏడు అన్నవాళ్ళు రెండు మూడు వారాలకు తొమ్మిదికి ఎక్కారు. తర్వాత అందరూ పదే. ఒక సాయంత్రం ఆ అంకెలు చూసి మహతి మొహం పాలిపోయింది. నేను వీళ్ళ భయాన్ని పెంచుతున్నానేమో, ఇక ఆపేద్దామంది.

నాకు అనుమానమొచ్చి ఇంటికెళ్ళి అమ్మను నిలదీశాను. అంత భయమేస్తుంటే రాత్రుళ్ళు ఎలా నిద్రపోతున్నావన్నాను. అమ్మ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది.

"భయం సంగతి కాదే. ఆ పిల్ల నందిగామ నించి ఎండన పడి వస్తంది, మన మంచికేగా. పదికి పది వెయ్యకపోతే ఏం బాగుంటది?"

పక్కనే ఉన్న పెద్దమ్మ కూడా తొమ్మిదేస్తే ఆ పిల్ల చిన్నబుచ్చుకుంటుందేమోనని తనూ పదే వేశానంది. మహతికి మార్కులు వేస్తున్నారన్నమాట, జట్టంతా. స్కూల్లో పిల్లలకు రోజూ మార్కులు వేసే నాకు ఆ ఊహే తట్టలేదు. ఫోను చేసి చెబితే మహతి చాలాసేపు నవ్వింది. తర్వాత ఏడ్చింది. తర్వాతి వారం నుంచి అంకెలతో పాటు ఇంకో ప్రశ్న పెట్టింది. ఈ వారంలో ఎంత దూరం వెళ్ళారు అని. చర్చి నుంచి హైవేకి వెళ్ళే దారిలో చేతిపంపు ఉంది, దాని తర్వాత టీ కొట్టు, ఆ తర్వాత హైవే. ఈ ప్రశ్నకు మర్యాద కోసం జవాబు చెప్పే వీల్లేదు.

పెద్దమ్మ చేతిపంపు దగ్గర మొదలుపెట్టింది. మహతి ఎదురుగా కూర్చుని రెండు వేళ్ళు కదిలిస్తుంటే తల తిప్పకుండా కళ్ళు తిప్పేది. ఆగాక ఏమొచ్చింది మనసులోకి అని మహతి అడిగేది. ఏమొస్తే అది చెప్పేది. ఏమీ రాకపోతే రాలేదనేది. ఎన్ని వారాలు గడిచాయో గాని ఒకరోజు హాల్లోంచి బయటికొచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది.

"ఇన్నాళ్ళూ రోడ్డు మీద పడున్న సీతారావే కనపడేది సూసీ. ఈ పూట అంతకు ముందుది కనపడింది. చలికి చొక్కా మీద చొక్కా ఏసుకొచ్చింది గదా, లావుపాటి బస్తాలెక్క ఉన్నానక్కా అని తనే నవ్వింది ఆటోలో. ఆ నవ్వు మర్చేపోయినా నేను."

ఆ వారం టీ కొట్టు దాకా వెళ్ళింది. టీ తాగి, బాగాలేదని కొట్టువాడితో పోట్లాడి వచ్చింది. పోట్లాట చర్చి దగ్గరికి వినిపించిందని ఏసురత్నం పెదనాన్న నాకు ఫోను చేసి చెప్పాడు. ఆయన తనంతట తాను ఫోను చెయ్యడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది.

ఇక్కడే పెద్దమ్మ బుద్ధి బయటపడింది. తనకొక్కదానికే మంచి జరుగుతుంటే ఆమెకు ముద్ద దిగదు. చుక్క చూసేవాళ్ళు చేతిపంపు దాటలేకపోతున్నారని కనిపెట్టింది. చెప్పుకోకూడదన్నది నిజమే, చెప్పలేదు. చేసి చూపించింది. సాయంత్రం పూట ఒక్కొక్కరింటికీ వెళ్ళి, అరుగు మీద కూర్చోబెట్టి, తొడిమతో ఎండు మిరపకాయ పట్టుకుని కళ్ళ ముందు అటూ ఇటూ ఆడించేది. వేలైతే మహతిదవుతుంది, మిరపకాయ మనది కదా అని ఆమె సమర్థన. చుక్కవాళ్ళంతా ఆ విధంగా మిరపకాయ వాళ్ళయిపోయారు. వాళ్ళకూ తగ్గుతుంటే, కళ్ళు తిప్పినా తిప్పకపోయినా ఫలితం ఒకటేనని మహతి రాసుకుంటోంది.

ఒక శనివారం నేను ఇంటికొచ్చేసరికి అమ్మ అరుగు మీద ముడుచుకుపోయి ఉంది. ఒళ్ళంతా వణుకుతోంది, ఊపిరి అందడం లేదు, సీతారావమ్మను పేరు పెట్టి పిలుస్తోంది. ఎదురుగా పెద్దమ్మ మిరపకాయ పట్టుకుని బిక్కచచ్చి నిలబడి ఉంది. లోతుకు వెళ్ళిన మనిషిని పైకి తేవడం ఎలాగో ఆమెకు తెలియదు కదా. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. మహతికి ఫోను చేశాను. దొరికిన బండెక్కి నందిగామ నుంచి వచ్చింది. ఎవరినీ ఏమీ అడగకుండా అమ్మ ఎదుట కింద కూర్చుని, పాదాలు రెండూ నేలకు ఆనించమంది. చల్లగా ఉందా నేల అంది. ఎదురుగా ఏమేం కనిపిస్తున్నాయో ఒక్కొక్కటీ చెప్పమంది. నీళ్ళ బిందె, వేపపుల్ల, కోడి, అంటూ అమ్మ మెల్లగా ఈ లోకంలోకి వచ్చింది. తర్వాత అమ్మ మహతి చెయ్యి వదలకుండా పడుకుంది.

అప్పుడు సంగతంతా బయటికొచ్చింది. ఇన్ని నెలల పరీక్ష పాడైపోయినట్టే. మహతి కేకలేస్తుందనుకున్నాను, నేనైతే ఆ పనే చేసేదాన్ని. ఆమె మిరపకాయ చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"ఇది మాత్రలాంటిదే కృపావతిగారూ. చూడ్డానికి తేలిగ్గా ఉంటది గాని ఎవరికి ఎంతో చూసుకుని ఇవ్వాలి. నేనే ముందు సరిగ్గా చెప్పాల్సింది" అంది.

మహతి తన గైడుకు ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. చిల్లకల్లు వాళ్ళ ఫలితాలు లెక్కలోకి రావని తనే రాసి, చెవిటికల్లులో వేరే మనుషులతో పరీక్ష మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఏడాది వెనకబడింది. అయినా ఆదివారాలు మా ఊరు రావడం మానలేదు. ఇప్పుడు చుక్కా లేదు, పోలికా లేదు. మాటిచ్చాను కదా అని అందరికీ వేలి వైద్యమే చేసేది. ఆ రాకపోకల వల్ల తన చదువుకు పైసా లాభం లేదు. నేను ఆమెకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియక ప్రతి ఆదివారం చేపల పులుసు వండించాను. బ్రాహ్మల పిల్లని ఆ తర్వాత గుర్తొచ్చింది. అన్ని ఆదివారాలూ మజ్జిగన్నం తిని, పులుసు వాసన బాగుందని మాత్రం మెచ్చుకునేది.

అందరూ కోలుకుంటున్నారు, పెద్దమ్మ తప్ప. మా అమ్మ అరుగు మీద వణికిన రోజు నుంచి ఆమె మళ్ళీ వెనక్కి జారింది. టీ కొట్టు మానేసింది, చేతిపంపు దగ్గరే తిరుగుముఖం పట్టేది. నా మాట మీద కదిలితే సీతారావు పోయింది, నా చెయ్యి ఆడితే పున్నమ్మ పోబోయింది, ఇక నా మాటా వద్దు చెయ్యీ వద్దంది. మహతి వేళ్ళు కదిలిస్తూనే ఉండేది. మా అమ్మ రోజూ వెళ్ళి పక్కన కూర్చునేది. తను బాగానే ఉన్నానని నోటితో చెబితే నమ్మదని, ఆమె ఎదురుగా నాలుగిడ్లీలు తినేది.

జనవరిలో మిరప కోతలు మొదలయ్యాయి. జట్టంతా కూడబలుక్కుని వేరే మేస్త్రి కింద పోమని తేల్చేసింది. కృపావతక్క ఉంటే జట్టు, లేకపోతే ఎవరిదారి వాళ్ళదని. మొదటి కోత రోజున బెన్ని చర్చి ముందు ఆటో ఆపాడు. నేను స్కూలుకు సెలవు పెట్టాను. మహతి తొలి బస్సుకు వచ్చింది. ఆడవాళ్ళు చీరల మీద చొక్కాలేసుకుని, తలలకు తువ్వాళ్ళు చుట్టుకుని ఎక్కారు. మా అమ్మ ఎక్కి, సీతారావమ్మ కూర్చునే వెనక మూలన కూర్చుంది. ఎవరూ ఆమెను అక్కడ కూర్చోమనలేదు. అంచున సీటు ఖాళీగా ఉంచారు. పెద్దమ్మ చాలాసేపు నిలబడి మా అమ్మనే చూసింది. అమ్మ క్యారేజీ ఒళ్ళో సర్దుకుంది. పెద్దమ్మ వచ్చి అంచున కూర్చుంది. కమ్మీ పట్టుకున్న వేళ్ళు తెల్లగా అయిపోయాయి.

చేతిపంపు దాటింది. టీ కొట్టు దాటింది. హైవే అంచున బెన్ని ఆపాడు. ఆ రోజు మంచు లేదు, ఎండ వస్తోంది. నేనూ మహతీ ఒకరి మీద ఒకరం ఇరుక్కుని కూర్చున్నాం. బెన్ని వెనక్కి తిరగలేదు. అతని తలకు పడిన కుట్ల మచ్చ మీద చెమట పట్టడం నాకు కనిపిస్తూనే ఉంది.

పెద్దమ్మ ఒక కాలు కింద పెట్టింది. లేచింది. హైదరాబాద్ వైపు చూసింది. విజయవాడ వైపు చూసింది. మళ్ళీ హైదరాబాద్ వైపు. తల కదలడం లేదు, కళ్ళు మాత్రమే తిరుగుతున్నాయి. లారీ వెళ్ళింది. బస్సు వెళ్ళింది. రోడ్డు ఖాళీ అయింది. ఆమె నోరు తెరవలేదు. మళ్ళీ కార్లొచ్చాయి. వెనక మోటారు సైకిలువాడు హారన్ మోగించాడు. బెన్ని బ్రేకు మీది కాలు తియ్యలేదు. ఆమె కళ్ళు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి. చూస్తే మహతి వేళ్ళు ఒళ్ళో వాటంతటవే కదులుతున్నాయి. మళ్ళీ రోడ్డు ఖాళీ అయింది.

"పోనియ్ బెన్నీ."

గొంతు బొంగురుగా వచ్చింది. అయినా ఆఖరి సీటు దాకా వినిపించింది. ఆటో మధ్య గట్టు దగ్గర ఆగింది, ఆమె ఇంకోసారి అంది, అవతలి ఒడ్డుకు చేరాం. మా అమ్మ స్తోత్రం చెప్పుకుంది. నేను ఏడ్చేశాను, దాచుకోలేదు.

చేలో దిగాక పెద్దమ్మ ఆటోకు ఆనుకుని ఊపిరి తీసుకుంటుంటే మహతి దగ్గరికెళ్ళి, ఎంత ఉంది భయం అని అడిగింది. పెద్దమ్మ ఆలోచించింది. వాళ్ళ పరిచయం మొత్తంలో ఆమె ఆ ప్రశ్నకు ఆలోచించి జవాబు చెప్పడం అదే మొదలు.

"నాలుగుందమ్మా. అబద్ధమెందుకు. నాలుగుతో రోడ్డు దాటొచ్చు లెక్కుంది."

మహతికి ఆ నాలుగు వినగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది వేలు తెచ్చిన నాలుగో, ఆదివారాలు తెచ్చిన నాలుగో, మా అమ్మ మూలన కూర్చున్నందుకు వచ్చిన నాలుగో తేల్చడం తన వల్ల కాదని ఆ తర్వాత నాతో అంది. థీసిస్‌లోనూ మా ఊరి గురించి అంతే రాస్తానంది. చెవిటికల్లు వాళ్ళ లెక్క తేలాక కళ్ళ సంగతి చెబుతానంది.

పెద్దమ్మ తువ్వాలు బిగించి కట్టుకుని సాళ్ళలోకి దిగబోతూ వెనక్కి తిరిగింది.

"అది నా భయానికమ్మా, నాలుగు. నీకు మాత్రం పదే."

మధ్యాహ్నం క్యారేజీలు విప్పినప్పుడు మహతి తెచ్చుకున్న పులిహోర కూడా ఆ గిన్నెలోనే పడింది.